గాలి చొరని పెట్టె

జూన్ 4

స్క్రూడ్రైవర్ దొరవారికి,

నా చేతిరాత చూసి కుర్చీలోంచి కింద పడకు. నీతో ఈ జన్మలో మాట్లాడనని నిరుడు మీ ఇంట్లో, సగం తిన్న కంచం ముందు నుంచి లేచి మరీ చెప్పాను. "ఐసు గోక్కునే పనికి ఇంత పొగరేమిటి బావగారూ" అని నలుగురిలో నువ్వన్న మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. అయితే మాట్లాడనన్నాను గానీ రాయనని అనలేదు. అందుకే ఈ కాగితం. జవాబు కూడా కాగితం మీదే పంపు. ఫోను చేశావో, ఎత్తను.

అసలు సంగతికి వస్తాను. నువ్వు బిగించి పంపిన ఆటల కంప్యూటరు ఒట్టి డొక్కు. మా అమ్మాయి పిచ్చుక మీ ఇంట్లో ఉండి అకౌంట్ల చదువు చదువుకుంటూ, సాయంత్రాలు ఎవరి దగ్గరో లెక్కలు రాసి, ఆ సంపాదనతో వాళ్ళ నాన్నకు కొనిచ్చిన మొదటి వస్తువు అది. దాన్ని బిగించే పని నీలాంటి వాడికి అప్పజెప్పడమే పిల్ల చేసిన తప్పు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళం లారీల ఆట ఆడతాం. పిల్ల లారీ ముందు, నా లారీ వెనక. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కబుర్లు చెప్పుకుంటూ పోతాం. మామూలు ఫోనులో మా ఇద్దరికీ మాట పెగలదు. "తిన్నావా" అంటే "తిన్నాను", అంతటితో సరి. అదే స్టీరింగు చేతిలో ఉంటే గలగలా మాట్లాడుతుంది. వారం మొత్తం మీద నాకు దక్కే కూతురు ఆ కాసేపే.

ఆట మొదట్లో వెన్నలా సాగుతుంది. కొండదారి ఎక్కేసరికి బొమ్మ కుంటడం మొదలుపెడుతుంది. పిల్ల గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఏమంటోందో ఒక్క ముక్క అర్థం కాదు. నేనన్న మాట అటు చేరేసరికి తెల్లారిపోతుంది. ఆఖరికి తెర టప్పున ఆరిపోతుంది. మీట నొక్కితే వెంటనే లేవదు కూడా, కాసేపు అలిగి కూర్చుంటుంది. కొన్ని వారాలుగా ఇదే తంతు.

ఒక్క షరతు. ఇది పిల్లకు తెలియకూడదు. "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాను. ఆ మాట విని పిల్ల ఎంత సంబరపడిందో నీకేం తెలుసు? అందుకే ఆరిపోయినప్పుడల్లా "కోల్డ్ స్టోరేజీ నుంచి కాల్ వచ్చింది, వెళ్తున్నా" అని ఫోన్లో మెసేజ్ పెట్టి సర్దుకుంటున్నాను. నీ నోటికి మూత ఉండదని లోకానికి తెలుసు. ఈ ఒక్కసారికి బిగించుకో.

ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క చల్లగదిని కూడా ఇలా చావనివ్వని,
నీ బావ.


జూన్ 6

మహారాజశ్రీ మంచుదొర బావగారి సముఖానికి,

మీ ఉత్తరం అందింది. చదివి నవ్వుకుని, మా ఆవిడకు చూపించి మళ్ళీ నవ్వుకున్నాను. మీలాంటి వాళ్ళు మా షాపుకు రోజూ వస్తారు. అందరిదీ ఒకటే పాట: "బాగానే నడిచేదండీ, ఉన్నట్టుండి ఆగిపోతోంది." మీరేం చేశారని అడిగితే నోట్లో వేలు పెట్టినా కొరకలేని అమాయకుల మొహాలు పెడతారు. ఇంటికి వెళ్ళి చూద్దును కదా, ఒకరు మానిటరు వెనక అగరొత్తులు వెలిగిస్తుంటారు, ఇంకొకరు కీబోర్డు మీద అన్నం తింటుంటారు.

నేను బిగించిన పెట్టెలో లోపం ఉండదు. దోషం మీ ఇంట్లోనే ఉంది. ముందు ఇంటర్నెట్ సంగతి చూద్దాం. ఆ వైఫై డబ్బాను అక్క బీరువా మీద, పాత సూట్‌కేసుల వెనక పెట్టింది. నా కళ్ళతో చూశాను. అక్కడి నుంచి సిగ్నల్ మీ గదికి రావాలంటే రెండు గోడలనూ మీ అహంకారాన్నీ దాటుకుని రావాలి. నేరుగా వైరు లాగించండి. ఆట ఆడేటప్పుడు వెనక తెరిచి మరిచిపోయినవన్నీ మూసేయండి. మీరు కంప్రెసర్ల వీడియోలు ఒకదాని మీద ఒకటి తెరుచుకుంటూ పోతారని అక్కే చెప్పింది. ఇక పెట్టె వెనక దుమ్ము పట్టిందేమో చూసి, మెత్తటి బ్రష్షుతో తుడవండి. బ్రష్షంటే మీ ఐసు గోకే ఇనుప బ్రష్షు కాదు.

పిల్లకు చెప్పను లెండి. నా నోటికి మూత లేదంటారా, మీ ముక్కు మీద కోపానికి ఉందేమిటి మూత?

పిల్ల బాగానే చదువుతోంది. ఆదివారం మాత్రం మేడ మీద గదిలోంచి దిగేటప్పుడు మొహం ముడుచుకుని వస్తోంది. అన్నం వద్దంటుంది. ఏమ్మా అంటే ఏం లేదంటుంది. ఈ వయసులో మామూలే అనుకుని ఊరుకున్నాను.

ఇక్కడ ఒకటే వాన. షాపు షట్టరు కింది నుంచి నీళ్ళు లోపలికి వచ్చేస్తున్నాయి. పొద్దున్నే గోనెపట్టలు పిండడంతోనే నా వ్యాపారం మొదలవుతోంది.

మీ మీద గౌరవం ఎంత ఉండాలో అంతే ఉన్న,
బావమరిది.


జూన్ 11

ఓయ్ పండితుడా,

వైరు లాగించాను. గోడకు కన్నం కొట్టినందుకు మీ అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వీడియోలన్నీ మూసేశాను. ఆదివారం మళ్ళీ కొండదారి, మళ్ళీ కుంటుడు, మళ్ళీ చావు. నీ సలహాలకు నేను కొట్టిన కన్నం ఒక్కటే మిగిలింది.

గదిలో వేడి ఉందేమో చూడండి అని నీకు తట్టలేదు చూడు, అదీ నీ చదువు. నాకు తట్టింది. ఏసీని అడుగుకంటా దించాను. మీ అక్క ఆ గదిలోకి రావాలంటే శాలువా కప్పుకుని వస్తోంది. నా సొంత థర్మామీటరు తెచ్చి పెట్టె పక్కన పెట్టాను. బంగాళాదుంపలు ఏడాదిపాటు మొలకెత్తకుండా పడుకునేంత చలి. ఈ చలిలో కూడా నీ మిషను చచ్చిందంటే తప్పెవరిది?

దుమ్ము చూడమన్నావు. దుమ్మా! నా కంప్యూటరులోకి దుమ్ము దూరే దారే లేదు. నువ్వు పంపినప్పుడు దాని ఒంటినిండా జల్లెడలాగా కంతలే. ముందు కంతలు, వెనక కంతలు, నెత్తిన కంతలు. పనివాడన్నవాడు చేసే పనేనా అది? అంత చలి పెట్టుకుని అన్ని కంతలుంటే చలి నిలిచేదెట్లా? నా కింద పనిచేసేవాడు తలుపు అంచున వెంట్రుకవాసి సందు వదిలితే ఆ రోజే ఇంటికి పంపేస్తాను. నువ్వు చేసిన నాసిపనిని, పెట్టె వచ్చిన రోజే నేను చక్కబెట్టుకున్నాను. నీకు చెప్పి నిన్ను చిన్నబుచ్చడమెందుకని ఊరుకున్నాను.

ఇప్పుడు చెప్పు, ఇంకేం చెయ్యమంటావు? నీ దగ్గర ఉన్న మంత్రాలన్నీ ఒకేసారి రాసి పంపు, వారానికొకటి కాదు.

బావ.


జూన్ 13

బావగారికి,

మీ ఉత్తరంలో మొదటి పేరా చదివాను. రెండో పేరాలో థర్మామీటరు, బంగాళాదుంపలు కనిపించేసరికి, ఇక మిగతాదంతా సొంత డప్పేనని తెలిసి కాగితం మడిచి డ్రాయర్లో పడేశాను. మీ గొప్పలు వినడానికి నాకు తీరిక లేదు. షాపులో మోకాలిలోతు నీళ్ళున్నాయి.

వైరుతో పోలేదంటే మిగిలినవి మూడు. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ పాతబడి ఉంటుంది, కొత్తది దించుకోండి. ఎలాగో వెనక రాశాను, మీకు అర్థమయ్యేలా అయిదో తరగతి పిల్లాడికి చెప్పినట్టు రాశాను. ర్యామ్ పట్టీలు వదులై ఉంటాయి. పక్క పలక విప్పి వాటిని బయటికి తీసి, ఇత్తడి రంగు అంచుల్ని పిల్లలు వాడే రబ్బరుతో తుడిచి, టక్కుమని చప్పుడయ్యేలా నొక్కండి. మీ బలమంతా పెట్టకండి, అది కంప్రెసర్ బోల్టు కాదు. చివరిది కరెంటు. మీ వీధిలో వోల్టేజీ ఊగుతుందేమో చూసుకోండి. అది మీకు వచ్చిన విద్యే కదా.

ఇంకో సంగతి. పిల్ల మొన్న మీ గురించి ఒక మాట అంది. అదేమిటో రాయను. రాస్తే మళ్ళీ కంచం ముందు నుంచి లేస్తారు. అంత చిన్నపిల్లకు మీరేమిటో తెలిసిపోయింది, మా అక్కకే ఇంకా తెలియలేదు.

బావమరిది.


జూన్ 18

మడిచి డ్రాయర్లో పడేసేవాడికి,

డ్రైవర్ దించాను. ర్యామ్ తుడిచాను. పక్క పలక విప్పి, పని కాగానే ఎలా ఉన్నదాన్ని అలాగే మళ్ళీ పకడ్బందీగా మూశాను. వోల్టేజీ గీత గీసినట్టు ఉంది, ఇంటి కరెంటు గురించి నాకు పాఠాలు చెప్పకు. ఫలితమేమిటో తెలుసా? ఇదివరకు కొండ దిగేటప్పుడు చచ్చేది, ఇప్పుడు ఎక్కేటప్పుడే చస్తోంది. లోపల ఫ్యాన్లు విమానం లేచినట్టు కేకలు పెడుతున్నాయి. నువ్వు వైద్యం చేసినకొద్దీ జబ్బు ముదురుతోంది.

ఆదివారం పిల్ల "నాన్నా, ఒక మాట చెప్పాలి" అంది. చెప్పమ్మా అన్నాను. ఆ చెప్పమ్మా అన్నది అటు చేరిందో లేదో తెలియదు. పిల్ల లారీ గంతులేస్తోంది, గొంతు కిటకిటమంటోంది. నేను ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్క ముక్క అందలేదు. తెర ఆరిపోయింది. ఎప్పటిలాగే కాల్ వచ్చిందని మెసేజ్ పెట్టాను. ఇదివరకు "సరే నాన్నా" అని వచ్చేది. ఈసారి అది కూడా రాలేదు.

మర్నాడు ఫోను చేశాను. తిన్నావా అన్నాను. తిన్నాను అంది. ఆ మాటలో తడి లేదు.

ఏమిటి ఆ పిల్ల నా గురించి అన్న మాట? సగం చెప్పి సగం మింగడం ఆడంగి బుద్ధి. నువ్వే ఏదో నూరిపోసి ఉంటావు. నిరుటి గొడవను నీకు అనుకూలంగా వండి వడ్డించి ఉంటావు. ఇక్కడ గోదాం నిండుగా సరుకుంది, నేను కదిలితే కుళ్ళిపోతుంది కాబట్టి ఆగాను. లేకపోతే ఈపాటికి వచ్చి పిల్లను తీసుకుని పోయేవాణ్ణి. అంత గతిలేక నీ పంచన ఉండాల్సిన పని నా కూతురికి లేదు.

బావ.


జూన్ 24

తీసుకెళ్ళండి.

తీసుకెళ్ళి ఏం చేస్తారో అది కూడా చెప్పండి. పిల్ల మాట మొదలుపెట్టగానే ఇంట్లోంచి కూడా లేచి పోతారా?

రాయనన్నాను గానీ ఇక రాస్తాను. "నాన్నకు నా మాట వినాలనే ఉండదు మామయ్యా" అంది, అదే ఆ రోజు పిల్ల అన్న మాట. నిన్న మేడ మీద నుంచి దిగివచ్చి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. మా ఆవిడ పక్కన కూర్చుని అడిగితే అప్పుడు బయటపడింది. ఓడల కంపెనీ ఒకటి ఉందట. పళ్ళూ చేపలూ మోసుకుపోయే పెద్ద ఓడలు. వాటిలోని చల్లగదులు చూసుకునే మెకానిక్కులకు శిక్షణ ఇస్తారట. పిల్ల ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసింది. ఎంపికైంది. అవునో కాదో జూలై పదో తేదీలోగా చెప్పాలి. అకౌంట్లు చదవలేక చస్తున్నాను అత్తయ్యా, నాకు నాన్న పనే కావాలి అంది. మీ పని! మీ వెనక టార్చిలైటు పట్టుకుని తిరిగిన రోజుల నుంచీ అదే కావాలట. నేనైతే ఐసు గోక్కునే పని అన్నాను, నా నోటికి అడ్డూ ఆపూ లేదు సరే. మీ పనిని నెత్తిన పెట్టుకున్న మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది, ఆ పిల్లకు మీరేం చేశారు?

వరసగా ప్రతి ఆదివారం అడిగింది. ఎదురుగా చెప్పాలంటే భయమేసి, లారీ నడుపుతూ అడిగింది. ఆ మాట ఎత్తగానే ముందు మీరు ఉలకరు, పలకరు. బెల్లం కొట్టిన రాయిలా ఉంటారు. తర్వాత లేచి పోతారు. ఆ తర్వాత కాల్ వచ్చిందని ఒక మెసేజ్ పడేస్తారు. "నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా ఎక్కడో ఒక కంప్రెసర్ చెడిపోతుందా అత్తయ్యా?" అని అడిగింది. మేమేం చెప్పాలి? "మీ నాన్న అంతేనమ్మా, నా ఇంట్లో అన్నం ముందు నుంచి లేచినవాడు" అన్నాను. తప్పా?

"నాన్న జవాబు చెప్పేశాడు కదా మామయ్యా, రానని రాసేస్తాను" అంది. కళ్ళు తుడుచుకుని పుస్తకాలు తెరిచింది.

మీ కంప్యూటరు సంగతి ఇక నన్ను అడగొద్దు. అది ఆగితే ఆగనివ్వండి. దాని మీద కూర్చునే మనిషే సరైనవాడు కానప్పుడు దాన్ని బాగుచేసి ఏం లాభం?

ఇట్లు,
ఆ పిల్ల మేనమామ.


జూన్ 27

గాడిదా,

ఇంతకన్నా మంచి సంబోధన నీకు దొరకదు.

నేను లేవలేదు. ఒక్క ఆదివారం కూడా ఆ కుర్చీలోంచి లేవలేదు. ఆరిపోయిన తెర ముందు హెడ్‌ఫోన్లు తీయకుండా కూర్చుంటాను, మళ్ళీ లేస్తుందేమోనని. మీ అక్కను అడుగు. "చచ్చిన మిషను ముందు ఆ జపమేమిటి" అని అరుస్తూ ఉంటుంది.

బొమ్మ కుంటుతుంది, గొంతు తెగుతుంది, తెర ఆరిపోతుంది, కాల్ వచ్చిందని నేను మెసేజ్ పెడతాను అని జూన్ నాలుగో తేదీన నీకు పూసగుచ్చినట్టు రాశానా లేదా? నాన్న పలకడు, లేచి వెళ్తాడు, కాల్ వచ్చిందంటాడు అని పిల్ల నీకు చెప్పిందా లేదా? రెండు చివరలూ నీ చేతిలోనే ఉన్నాయి కదరా! కలిపి ముడేయడానికి ఎంత తెలివి కావాలి? నా మీద నీకున్న చులకన తప్ప నీ బుర్రలో ఇంకేమైనా ఉందా? ఊరందరి కంప్యూటర్లకూ రోగం కనిపెట్టే మేధావివి, ఇంట్లో పిల్ల ఏడుస్తుంటే దాన్ని నా గుణం కింద జమకట్టి హాయిగా పడుకున్నావు.

నాకేమీ వినపడలేదు. ఓడలని గానీ, ఎంపికని గానీ ఒక్క ముక్క వినపడలేదు. వినకుండానే నేను కాదన్నానని పిల్ల నమ్మింది.

ఉత్తరం అందగానే ఫోను తీశాను. నాలుగుసార్లు చేస్తే ఒకసారి ఎత్తింది. నోరు తెరిచాను. తిన్నావా అని వచ్చింది. తిన్నాను, క్లాసులో ఉన్నాను నాన్నా అని పెట్టేసింది. నా నోరు నాకే పనికిరాకుండా పోయింది. మీ అక్కను మాట్లాడమంటే, "దాచమన్నది మీరు, దాచినవాడు వాడు, మధ్యలో నేనెందుకు? మీ ఇద్దరి మూర్ఖత్వాన్నీ మీరే మోసుకోండి" అంది. అన్నం మాత్రం పెట్టింది.

షరతు ఎత్తేస్తున్నాను. ఈ కాగితం పిల్ల చేతిలో పెట్టు. మడిచి డ్రాయర్లో పెట్టావో, గోదాం కుళ్ళినా సరే వచ్చి నీ షాపులో నీళ్ళతోపాటు నిన్నూ పిండేస్తాను. పదో తేదీలోగా పిల్ల రానని రాయకూడదు. రాయొద్దని చెప్పు. నాన్న ఇంకా వినలేదని చెప్పు.

బావ.


జూలై 1

బావగారికి,

పెట్టాను. చేతిలోనే పెట్టాను.

నిన్న ఆదివారం పిల్ల మేడ ఎక్కనంది. నీ మొహం నాకెందుకన్నట్టు కంప్యూటరు మీద పొద్దున్నే దుప్పటి కప్పి వచ్చి కింద కూర్చుంది. ఇవాళ మీ ఉత్తరం రాగానే షాపుకు పిలిచి ఇచ్చాను. కౌంటరు దగ్గర నీళ్ళలో నిలబడే చదివింది. గాడిదా అన్నచోట నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది. కస్టమర్లు గుడ్లప్పగించి చూస్తుంటే, "నాన్న పాత ఉత్తరాలన్నీ ఇవ్వు మామయ్యా" అంది. డ్రాయర్లోంచి తీసిచ్చాను. ఒక్కొక్కటీ చదువుతూ జూన్ పదకొండో తేదీ ఉత్తరం మూడో పేరా దగ్గర ఆగింది. అవును, నేను చదవని పేరానే. దాచడమెందుకు?

"మా నాన్న కంతలు మూసేశాడు మామయ్యా" అంది.

నేను కాగితం లాక్కుని చదివాను. ఇన్నేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను గానీ ఇలాంటి ఘనకార్యం చేసినవాణ్ణి చూడలేదు, ఇకముందు చూడబోను. పిల్లకు మాత్రం ఆశ్చర్యమే లేదు. "ఎక్కడ కంత కనిపించినా నాన్న చెయ్యి ఊరుకోదు. చిన్నప్పుడు పిచ్చుకల కోసం నాకు చెక్కగూడు చేసిచ్చాడు. లోపల చలేస్తుందని గుండ్రటి కంతకు రబ్బరు వేసి తలుపు బిగించాడు. ఒక్క పిచ్చుకా రాలేదు. రోజంతా దాని ముందు నిలబడి చూసేదాన్ని, అప్పటి నుంచే నన్ను పిచ్చుక అంటాడు" అని నవ్వింది. ఆ నవ్వు చాలా రోజుల తర్వాత విన్నాను.

ఇప్పుడు వినండి. కంప్యూటరు చల్లగది కాదు. చల్లగదిలో వేడి బయటి నుంచి వస్తుంది, కాబట్టి మూస్తారు. ఇందులో వేడి లోపలే పుడుతుంది. కొండదారిలో చెట్లూ లోయలతో బొమ్మ బరువెక్కుతుంది, పని పెరుగుతుంది, మంట పెరుగుతుంది. ముందు కంతల్లోంచి చల్లగాలి లోపలికి పోవాలి, వెనక కంతల్లోంచి వేడిగాలి బయటికి రావాలి. అన్నీ మూసేస్తే అది తన సెగలో తనే ఉడికి, ముందు నీరసపడుతుంది, తర్వాత కాలిపోకుండా తనంతట తనే ఆరిపోతుంది. చల్లారేదాకా లేవదు. అలిగి కూర్చుంటుందని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. ఆ ఒక్క ముక్కకే నాకు తెలిసి ఉండాల్సింది. మిమ్మల్ని వెక్కిరించే తొందరలో చూడలేదు. ఇంతకన్నా ఒప్పుకోలు నా దగ్గర దొరకదు, ఎక్కువ ఆశపడకండి.

మీ ఏసీ చలంతా బయట, మంటంతా లోపల. మధ్యలో మీ రబ్బరు. అయినా ఇన్నాళ్ళు ఆ పెట్టె మాడి మసి కాకుండా నిలబడిందంటే అది నా బిగింపు గొప్పతనం.

మొత్తం పీకేయండి. పిల్ల జవాబు ఇంకా రాయలేదు. ఆదివారం మేడ ఎక్కుతానంది. ఈసారి కూడా ఆరిపోతే, రాసేస్తానంది.

బావమరిది.


జూలై 8

బావమరిదికి,

పెట్టె విప్పాను. మీ అక్క ఎదురుగా నిలబడి చూస్తుండగా విప్పాల్సి వచ్చింది. చల్లగది తలుపు అంచుకు వేసే గాస్కెట్ కోసుకుని వేసిన రబ్బరు పట్టీలు, అల్యూమినియం టేపు, దాని మీద మళ్ళీ నురుగు టేపు. చాలా అందంగా చేశాను, ఆ పనిలో వంక పెట్టడానికి నీ తాతలు దిగిరావాలి. అన్నీ పీకాను. వెనక కంత దగ్గర చెయ్యి పెడితే పొయ్యి ముందు పెట్టినట్టుంది. "పాపం, దాన్ని ఊపిరాడకుండా చంపారు కదండీ" అంది మీ అక్క. కంతలు మూయొద్దని ఒక చీటీ అంటించి పంపలేకపోయావా? మనుషులందరూ నీలాంటి చదువే చదివి ఉంటారనుకుంటావు, అదే నీ దరిద్రం.

నిన్న కొండ ఎక్కాం, దిగాం. ఒక్కచోట కుంటలేదు. పిల్ల ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. కొండ దిగాక నది పక్కన రోడ్డు మీద మొత్తం చెప్పింది. ఓడలు, పరీక్ష, శిక్షణ, అకౌంట్ల పుస్తకం తెరిస్తే వచ్చే తలనొప్పి, అన్నీ. ఎక్కడా తెగలేదు.

తర్వాత నేను మాట్లాడలేదు. ఈసారి మిషను తప్పేమీ లేదు.

నా నోటి చివరికి వచ్చిన మాట ఏమిటో చెప్పనా? "ఐసు గోక్కునే పని నీకెందుకే" అని. నీ మాటరా. ఏ మాట కోసం ఏడాదిగా నీ గడప తొక్కలేదో అదే మాట, నా నాలుక మీద, నా కూతురి కోసం తయారుగా ఉంది. నువ్వు అంటే అది పొగరు, నేను అంటే అది ప్రేమ, అంతే కదా తేడా? నా కుడిచేతి రెండు వేళ్ళు గ్యాసు తగిలి ఎప్పుడో మొద్దుబారిపోయాయి, చురుకు తెలియదు. ఆ వేళ్ళ కోసమే కదా పిల్లను కుర్చీలో కూర్చునే చదువుకు పంపింది. ఆ వేళ్ళే స్విచ్చు మీదికి పోయాయి. నొక్కితే చాలు, తెర ఆరిపోతుంది. కాల్ వచ్చిందని మెసేజ్ పెడితే చాలు. అలవాటైన పనే.

"నాన్నా, ఉన్నావా?" అంది.

ఉన్నానన్నాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఏం అనాలో తెలియక, "గదిలో గ్యాసు లీకవుతోంది, ముందు ఏం చేస్తావు?" అన్నాను. "సబ్బునీళ్ళు పూసి బుడగలు ఎక్కడొస్తాయో చూస్తాను" అంది, టకటకా, పరీక్షలో చెప్పినట్టు.

"నీ మొహం. బుడగలు చూసేలోగా నువ్వు పడిపోతావు. ముందు తలుపులు బార్లా తెరిచి బయటికి వస్తావు. గాలి ఆడనివ్వాలి. అది కూడా తెలియని మొద్దువు ఓడెక్కి ఏం చేస్తావే, ఎక్కేముందు నా దగ్గర పదిరోజులు నేర్చుకుని పో" అన్నాను.

మళ్ళీ తెగిందేమోనని హెడ్‌ఫోన్లు చెవులకేసి నొక్కుకున్నాను. తర్వాత పిల్ల పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "గాలి ఆడనివ్వాలని చెప్పేది నువ్వా నాన్నా!" అని లారీని తీసుకెళ్ళి నదిలో పడేసింది. వెనకే నాదీ పడింది.

వస్తానని ఓడల కంపెనీకి ఎల్లుండి రాస్తుంది. నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఆ సంగతి పిల్లకు చెప్పాను, వింది. నేనూ విన్నాను.

పీకిన రబ్బరు పట్టీలు ఈ ఉత్తరంతోపాటు కట్టగట్టి పంపుతున్నాను. నీ షట్టరు కింద అంటించుకో. ముందు నేల తుడిచి ఆరనిచ్చి అంటించు, తడి మీద అంటిస్తే ఊడిపోతుంది. ఎక్కడ మూయాలో ఎక్కడ తెరవాలో నాకిప్పుడు తెలుసు, నీకు అనుమానమొస్తే పిల్లను అడుగు.

ఫోను మాత్రం చెయ్యకు. ఎత్తినా ఎత్తుతాను.

నీ బావ.